ఆండాళు నేర్పిన ముడి

చిట్యాలలో హైవే పక్కన బోరు మోటార్లు బాగుచేసే షాపు ఒకటుంది. దాని వెనక గదిలో గూఢచారి సంస్థ చీఫ్ రామచంద్రయ్య కూర్చుంటాడు. ముందు గదిలో నిజంగానే మోటార్లు బాగుచేస్తారు, బిల్లు కూడా ఇస్తారు.

"మిషన్ పేరు వైట్ కాటన్," అన్నాడు చీఫ్. "జర్హాన్ సంగతి తెలుసు కదా?"

ఎదురుగా ఉన్న ఇద్దరు ఏజెంట్లు, ఆండాళు, ఆమె భర్త ప్రమోద్, తలూపారు. సముద్రం అవతల యుద్ధంలో చుట్టుముట్టబడిన పట్టణం జర్హాన్. అక్కడి ఆస్పత్రిలో పిల్లలకు మత్తుమందు లేకుండానే ఆపరేషన్లు చేస్తున్నారు.

"ఇంకో రెండు వారాలకు ఒక్క ఆరు గంటలు కాల్పులు బందు పెడుతున్నరు. గా ఆరు గంటల్లనే మన మందుల మూటలు లోపలికి పోవాలె. సరిహద్దు కాడ సోదా చేస్తరు. ఒక్క ఆయుధం దొరికినా దారి మూసేస్తరు. మల్ల తెరువరు."

"ఆయుధం ఎవరు పెడుతరు సార్?" అడిగింది ఆండాళు.

"బ్లాక్ సాల్ట్. విదేశీ ముఠా. జర్హాన్‌ల దొంగ మందులు అమ్మేది వాళ్లే. మనవి పైసల్లేకుండ ఉత్తగ అందితే వాళ్ల దుకాణం మూతే. ముఠాల మన మనిషి ఒకామె ఉన్నది. డబుల్ ఏజెంట్ ప్రియాంక."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, దాని వెనక ప్రియాంక వచ్చింది. ప్రమోద్ చటుక్కున లేచి కుర్చీ వేశాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఆండాళుకు ఒక్కసారి కుర్చీ వేసిన పాపాన పోలేదు.

చీఫ్ వేషాలు పంచాడు. ప్రమోద్, ప్రియాంక ఎక్స్‌పోర్ట్ వ్యాపారం చేసే మొగుడూ పెళ్లాలు. ఆండాళు గోదాములో మూటలు కట్టే కూలి మనిషి. ఆండాళుకు ఒళ్లు మండింది. డ్యూటీ కాబట్టి నోరు మూసుకుంది.

మూటలు కట్టడం ఆమెకు కొత్త కాదు. పుట్టింది మగ్గం నేసే సాలోళ్ల ఇంట్లో. రంగు అంటకుండా నూలుకు కట్టే కట్టు, పని అయ్యాక ఒక్క లాగుడుకు ఊడిపోవాలి. ఊడకపోతే నూలు తెగుతుంది. మందుల మూటలకూ చిట్యాల ఆడవాళ్లు అదే ముడి వేస్తున్నారు, ఎందుకంటే జర్హాన్‌లోకి కత్తులు రానివ్వరు. కొస కింది నుంచి దూర్చి, కుడివైపుకు వదలాలి.

మూడో రోజు ప్రియాంక గోదాముకు వచ్చింది.

"నాకూ నేర్పించవా, ఆండాళూ?"

"నేర్పు, నేర్పు. మస్తు తెలివిగల్లది," అన్నాడు ప్రమోద్, పళ్లన్నీ బయటపెట్టి.

ఆండాళు నేర్పింది. కానీ కొస పైనుంచి తిప్పి, ఎడమవైపుకు వదలమంది. చూడ్డానికి అదే ముడి. లాగితే మాత్రం రాయిలా బిగుసుకుంటుంది. ప్రమోద్ ముందు ఆ పిల్ల నవ్వులపాలు కావాలని చేసిన పని అది. కుళ్లు, ఇంకేమీ కాదు. తీరా ప్రమోద్ లాగి చూడకుండానే చప్పట్లు కొట్టాడు. వాళ్లు వెళ్లాక ఆండాళు ఆ మూటను పళ్లతో విప్పి సరిగ్గా కట్టుకోవాల్సి వచ్చింది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం మూడు ఇరవైకి ముగ్గురి చెవుల్లోని ఇయర్‌పీసుల్లో చీఫ్ గొంతు పలికింది. "ముఠా మెసేజ్ దొరికింది. 'ఉప్పు కలిసింది.' ఆయుధం మూటల పడ్డది."

లారీలో ఆరు వందల ఇరవై మూటలు. ప్రతి మూటలో పట్టకార్లు, స్టీలు ట్రేలు. స్కానర్ అన్నిటికీ కుయ్యిమంటోంది. సహాయ సంస్థ ఇన్‌స్పెక్టర్ డానియల్ సరిగ్గా నాలుగింటికి సీల్ వేస్తాడు. ఆలస్యమైతే విమానం తప్పిపోతుంది, దానితో పాటు ఆ ఆరు గంటలూ పోతాయి.

"రిస్క్ వద్దు, క్యాన్సిల్ చేయండి," అంది ప్రియాంక మెత్తగా.

"ముఠాకు కావాల్సింది గదే కదా! సార్, పెట్టింది గీ పిల్లనే," అంది ఆండాళు.

"నీ కుళ్లు ఇంట్ల పెట్టుకో ఆండాళూ," అన్నాడు ప్రమోద్. ఇయర్‌పీస్‌లో చీఫ్ కూడా ఆమె మాట కొట్టిపారేశాడు. ఆమె అసూయ సంగతి ఆఫీసులో వాచ్‌మన్‌కు కూడా తెలుసు మరి.

కానీ ఆయుధం పెట్టాలంటే మూట విప్పాలి. విప్పింది మళ్లీ కట్టాలి. ఆడవాళ్లంతా అన్నాలకు పోయినప్పుడు ఒంటరిగా కట్టాలి. ఆ మాట తట్టగానే ఆండాళు లారీ ఎక్కేసింది.

కుడి. కుడి. కుడి. కొసలు తడుముతూ వరుసలు దాటింది. మూడు నలభై. మూడు యాభై. కింద డానియల్ సీల్ బయటికి తీశాడు.

చిట్టచివరి వరుసలో ఒక కొస ఎడమకు ఉంది.

లాగింది. ఊడలేదు. బిగుసుకుంది. కత్తెరతో కోసింది. దూది మధ్యలో రెండు పిస్టళ్లు.

ప్రమోద్‌తో పాటు వెనకే లారీ ఎక్కిన ప్రియాంక హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. ఏజెంట్లకు ఇచ్చే ఆ లిప్‌స్టిక్‌లో విషపు సూది ఉంటుందని ప్రమోద్‌కు తెలుసు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని విరిచాడు. ఆ చెయ్యి పట్టుకున్నందుకు ఆండాళు మొదటిసారి ఏమీ అనలేదు.

పిస్టళ్లు కొంగులో దాచి, మూటను కొత్త తాడుతో మళ్లీ కట్టి, కొస కుడికి వదిలి, లారీ మీంచి దూకింది. నాలుగు గంటలు. సీల్ పడింది.

రెండు రోజులకు జర్హాన్ ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. మందులు అందాయి. మూటలన్నీ ఒక్క లాగుడుకు ఊడాయి. ఆ ఉదయం పదకొండు మంది పిల్లలకు మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. ఆండాళు ఆ కాగితం చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఏడ్చింది.

"రిపోర్టుల ఏం రాయాలె?" అడిగాడు చీఫ్. "తప్పు ముడి రెండు వారాల ముందే నేర్పినవు. గంత ముందు అనుమానం ఎట్ల వచ్చింది?"

"ట్రెయినింగ్ సార్," అంది ఆండాళు కళ్లు తుడుచుకుని.

బయటికొచ్చాక ప్రమోద్ బండి స్టార్ట్ చేస్తూ నెమ్మదిగా అడిగాడు. "నాకు గూడ ఎప్పుడన్న తప్పు ముడి నేర్పినవా?"

"నీకు నేర్పేదేమున్నది? పెళ్లిల నువ్వేసిన మూడుముళ్లు తెల్లారేసరికే వదులైనయ్. నేనే బిగించుకున్న. పోనియ్ బండి."