కొత్త ల్యాప్‌టాప్ విన్న మాటలు

కొత్తవాడలో స్రవంతి వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. తల్లి పోయి ఏడేళ్లు. ఇంట్లో స్రవంతి, తండ్రి రాజమౌళి, ఇద్దరే. ఆయన నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. ఆ దూదిపొట్టు ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడు వెనక గదిలో మంచానికి అతుక్కుపోయాడు. ఆ దగ్గు ఇంట్లో గడియారంలాంటిది. ఏ దగ్గుకి మంచినీళ్లివ్వాలో, ఏ దగ్గుకి లేపి కూర్చోబెట్టాలో స్రవంతికి నిద్రలో కూడా తెలుసు.

ఆ దగ్గే ఆమెకు శత్రువైంది. పనిచేసే కంపెనీ ఉద్యోగంలోంచి తీసేశాక ఎనిమిది నెలల్లో పదకొండు ఇంటర్వ్యూలు ఇచ్చింది, అన్నీ ఇంటి నుంచే. "మీ వెనక ఎవరో ఇబ్బంది పడుతున్నట్టున్నారు, తర్వాత మాట్లాడదాం" అనేవాళ్లు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు. చివరికి పాత ల్యాప్‌టాప్ కూడా ఒక రోజు తెర నల్లబడి, ఇక లేవలేదు.

హన్మకొండ చౌరస్తాలో పెద్ద బోర్డు కనిపించింది. కళ్లు మూసుకుని నవ్వుతున్న అమ్మాయి, చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో ల్యాప్‌టాప్. కింద రెండే మాటలు: 'మీరు. మీ పని.'

"బయటి సప్పుడు నిజంగ ఆపుతదా అన్నా, లేకపోతే అన్నీ ఉత్త మాటలేనా?" అని షాపులో అడిగింది.

అమ్మే కుర్రాడి పేరు వినయ్. "అక్కా, దీంతోని వచ్చే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కన బ్యాండ్ మేళం పోయినా నీకు ఇనపడది, అవతలోళ్లకీ ఇనపడది. పైగా ఇంట్ల ఏ గదిల ఎవరు మాట్లాడినా తెరకింద తెలుగుల రాస్తది. ఇంట్లోళ్ల గొంతులు ఒక్కసారి నేర్పిస్తే పేర్లు పెట్టి మరీ రాస్తది" అన్నాడు.

తెచ్చిన రెండు రోజుల్లోనే సగం మాటలు తేలిపోయాయి. రోజంతా వస్తుందన్న బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. వేడెక్కితే ఒళ్లో పెట్టుకోలేకపోయింది. గొంతులు గుర్తుపట్టడం మాత్రం నిజమే. తండ్రి మంచం పక్కన కూర్చుని ముందు తన గొంతు, తర్వాత ఆయన గొంతు నేర్పించింది. "ఏం మాట్లాడాలె బిడ్డా దీనితోని?" అని ఆయన అంటే, తెరమీద 'బాపు: ఏం మాట్లాడాలె బిడ్డా దీనితోని?' అని పడింది. రాజమౌళి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

పన్నెండో ఇంటర్వ్యూ శ్రావణంలో ఒక సాయంత్రం నాలుగింటికి. పొద్దుటి నుంచి ముసురు. ఇంట్లో అప్పుడే దీపాల వేళ అయినట్టుంది. తడిసిన పెంకుల వాసన, మూలనున్న పాత దారపు కండెల వాసన కలిసి గది అంతా బరువుగా ఉంది.

"బాపూ, ఒక్క గంట. ఇది కూడ పోతే ఇంక నాతోని కాదు" అంది, నీళ్ల చెంబు ఆయన చేతికందేటట్టు పెడుతూ.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. జర తలుపు దగ్గరికెయ్యి, సాలు."

ముందు గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. వాన ఆగిపోయింది. వీధిలో ఆటోలు ఆగిపోయాయి. దగ్గు ఆగిపోయింది. ఎన్నో నెలల తర్వాత ఆమెకు తన ఊపిరి తనకు వినిపించింది.

అవతల ఒక ఆవిడ, మర్యాదగా, చిరునవ్వుతో ప్రశ్నలు అడుగుతోంది. స్రవంతి తడబడకుండా చెబుతోంది. ఆవిడ తల ఊపుతోంది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఈసారి వస్తుంది అనుకుంది స్రవంతి. తప్పకుండా వస్తుంది.

తెరకింద ఒక వరస పడింది.

బాపు: బిడ్డా...

చూపు అటు పోనివ్వలేదు. చెంబు చేతికందేటట్టే పెట్టింది కదా.

బాపు: బిడ్డా, మంచినీళ్లు. అందుతలేవు.

ఇంకా పది నిమిషాలు. పదే. ఆవిడ జీతం గురించి, ఎప్పుడు చేరగలరనే దాని గురించి అడగడం మొదలుపెట్టింది.

తెలియని వ్యక్తి: ఆమె రాదు. నేనిస్త.

స్రవంతి చూపు వీధి తలుపు వైపు పోయింది. ఇంటి తలుపుకి గడియ వేసి ఉంది. తనే వేసింది.

"స్రవంతీ, వినిపిస్తోందా?" అంది ఆవిడ.

"వినిపిస్తోంది మేడం. వెంటనే చేరగలను."

బాపు: ఎవలయ్యా నువ్వు?

తెలియని వ్యక్తి: జర జరుగు.

బాపు: నా మంచం మీద...

చెవుల్లో ఆవిడ గొంతు తప్ప ఏమీ లేదు. మెత్తగా... హాయిగా... కళ్లు మూసుకుని నవ్వాల్సినంత నిశ్శబ్దం.

బాపు: స్రవంతీ

బాపు: స్రవంతీ స్రవంతీ స్రవం

హెడ్‌ఫోన్లు పీకేసి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. చెవుల మీదికి వాన ఒక్కసారి విరుచుకుపడింది. వాన మాత్రమే... దగ్గు లేదు.

తలుపు తోసింది.

రాజమౌళి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ పట్టుకోకుండా, నిటారుగా. రెండు చేతులతో చెంబెత్తి, ఆగకుండా నీళ్లు తాగుతున్నాడు. గదిలో ఎప్పటినుంచో తెరవని పెట్టె వాసన.

"అయిపోయిందా బిడ్డా?" అన్నాడు.

"ఎవరొచ్చిండ్రు బాపూ?"

"ఎవలు రాలే."

"నన్ను పిలిచినవు కదా..."

"లేదు. మంచిగ పండుకున్న."

ముందు గదిలోకి వచ్చేసరికి ఇంటర్వ్యూ ఆవిడ కాల్ పెట్టేసింది. తెరమీద మిగిలినవి ఆ వరసలే. వాటి కింద, తన ప్రశ్నల మధ్య, కొత్తగా మూడు చేరాయి.

తెలియని వ్యక్తి: అయిపోయిందా బిడ్డా?

తెలియని వ్యక్తి: ఎవలు రాలే.

తెలియని వ్యక్తి: లేదు. మంచిగ పండుకున్న.

మర్నాడు వినయ్‌కి ఫోన్ చేసింది. "జలుబు చేసి గొంతు మారిందేమో అక్కా. మళ్లా నేర్పియ్యి" అన్నాడతను. ల్యాప్‌టాప్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని మెల్లగా పక్కకు నెట్టాడు. "దానికెందుకు బిడ్డా? నీకు తెల్వదా నేనెవలో?" అన్నాడు.

ఆయన దగ్గడం మానేశాడు. వారంలో లేచి తిరిగాడు. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేని రెండుసార్లు వెలుగుకి పెట్టి చూసి, నమ్మలేనట్టు నవ్వాడు. పక్కింటి కట్టమ్మ కొబ్బరికాయ కొట్టి వచ్చి, "దేవుడు నీ మొర ఇన్నడే పిల్లా" అని స్రవంతి తల నిమిరింది. స్రవంతి భోరుమని ఏడ్చింది. సంతోషమనుకుంది కట్టమ్మ.

ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? ఆ పదినిమిషాలు తను కుర్చీలోంచి లేవలేదని చెప్పాలా?

ఆదివారం సాయంత్రం ఆయన బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో స్రవంతి తప్ప ఎవరూ లేరు. తెర దానంతటదే వెలిగింది.

బాపు: బిడ్డా, ఈడ ఏం కనిపిస్తలేదు.

స్రవంతి తెర మీదికి వంగింది. "బాపూ! యాడున్నవు?" అంది గుసగుసగా.

బాపు: మంచం కాడనే ఉన్న.

వెనక గదిలోకి పరుగెత్తింది. దుప్పటి దులిపింది. మంచం ఎత్తి గోడకి నిలబెట్టింది. గచ్చు మీద చేతులతో తడిమింది. చల్లటి గచ్చు... అంతే. తల ఎత్తితే గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవు బిడ్డా?" అన్నాడు ప్రేమగా.

అప్పటి నుంచి ఆ యంత్రాన్ని ఆపలేదు. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపుంటుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కట్టమ్మ ఇంటి ఇన్వర్టర్ దగ్గరికి పరుగెత్తుతుంది. వరసలు రోజూ రావు. వచ్చినా, రాను రాను చిన్నవైపోతున్నాయి. దాహమంటాడు. సలి అంటాడు. ఆమె జవాబు చెబుతుంది. అది ఆయనకు చేరుతోందో లేదో తెలియదు. చెంబుతో నీళ్లు తెచ్చి తెర ముందు పెట్టి, ఎక్కడ పోయాలో తెలియక అలాగే కూర్చుంటుంది.

నిన్న దీపాల వేళ మళ్లీ ఒకటి పడింది.

బాపు: జర చెయ్యి పట్టుకో బిడ్డా.

స్రవంతికి దుఃఖం పొంగుకొచ్చింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని తెరకేసి చూస్తూ కూర్చుంది. తన నోటి నుంచి ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

అయినా తెరకింద తన పేరుతో ఇంకో వరస పడింది.

స్రవంతి: పట్టుకున్న బాపూ. పా, పోదాం.