కంటిపొర మీద కుట్ర

ల్యాబ్ కోల్డ్‌రూమ్ తలుపు తెరిచేసరికి కాపలాదారు శవమై పడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క తప్ప గాయం లేదు. ఫ్రీజర్‌లో ఒక్క శాంపిల్ కూడా పోలేదు.

"పోలేదు కాబట్టే నాకు భయం," అన్నాడు చీఫ్.

ఎదురుగా ఉన్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో డేగ అంటారు. ఆ ఉదయం అతని కాలు ఒకచోట నిలవడం లేదు. అతని అక్క ఎడమకంటి తెల్లగుడ్డును కప్పే పొర మీద నల్లటి కణితి లేచింది. లక్షల్లో ఒకరికి కూడా రాని క్యాన్సర్. కోసి తీసినా మళ్లీ వచ్చి మెడ గ్రంథులకు పాకింది. ఆ కణితి ముక్క ఆ ఫ్రీజర్‌లోనే ఉంది.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. ఈ జబ్బులో అందరికీ ఒకే జన్యువు చెడదు. కొందరికి బీ-రాఫ్, కొందరికి ఎన్-రాస్. మొదటి రకాన్ని అణిచే మాత్ర రెండో రకంలో అగ్నికి ఆజ్యం పోయగలదు. విదేశీ ముఠా లేబుళ్లు తారుమారు చేసిందని అనుమానం. ఈ కొత్త మాత్ర ట్రయల్‌లో రోగులు కుప్పకూలితే వాళ్ల నకిలీ మందుకు దారి దొరుకుతుంది. ముఠా ఈ ల్యాబ్‌లో పెట్టిన వాళ్లలో మనకో మనిషి ఉంది. ఆమె నిజంగా ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"మొదటి మాత్ర ఎవరికి?"

"మీ అక్కకే. ఆవిడ శాంపిల్ బీ-రాఫ్ అని వచ్చింది. ఈ మధ్యాహ్నమే."

"ఆపించండి."

"లేబుల్ సరైనదే అయితే? ఆపినా ఆవిడ ప్రాణానికే ముప్పు. రుజువు తే."

ఏసీ మెకానిక్ వేషంలో డేగ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు ఎర్ర పట్టు స్కార్ఫ్ చుట్టుకున్న యువతి తలెత్తింది. చూపు తిప్పుకోలేనంత అందం.

"కంట్లో నలుసు పడింది," అన్నాడు.

"ఊదితే పోయేది కాదు," అంది.

కోడ్ కలిసింది. నమ్మకం కుదరలేదు. ఆమె గబగబా చెప్పుకుపోయింది. కణితిలో కొన్ని జన్యువులు చెడినా మిగతావాటిలో మనిషి జాడ చెరగదు. రోగి రక్తంతో పోలిస్తే ఏ ముక్క ఎవరిదో తేలిపోతుంది. తను ఫ్రీజర్‌లోని ముక్కలన్నీ గుట్టుగా పోల్చి చూసింది.

"మీ అక్క పేరున్న ముక్క మీ అక్కది కాదు. ఆవిడ అసలు ముక్క వేరే పేరు మీద ఉంది. అది ఎన్-రాస్."

"నిన్నెలా నమ్మను?"

ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పింది. అక్క రక్తం గీతలకూ, ఆ కణితి గీతలకూ పొంతనే లేదు. డేగ చొక్కా గుండీలోని కెమెరాతో ఫొటో తీసి చీఫ్‌కు పంపాడు. మరుక్షణం మెట్ల మీద ఉన్నాడు.

పై అంతస్తు వార్డులో కొత్త డాక్టరు అప్పటికే అక్క అరచేతిలో మాత్ర పెట్టాడు. ఆమె రెండో చేత్తో నీళ్ల గ్లాసు ఎత్తింది.

"అక్కా, మింగకు."

డాక్టరు చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. సిరంజి తళుక్కుమంది. అక్క గ్లాసులోని నీళ్లు వాడి మొహాన కొట్టింది. ఆ రెప్పపాటు చాలు డేగకి. వాణ్ని నేలకు అదిమి బేడీలు వేశాడు.

స్కార్ఫ్ యువతి ఇచ్చిన ఆచూకీలతో సాయంత్రానికి ముఠా మొత్తం దొరికింది. అక్కకు వేరే మందు మొదలుపెట్టారు. ఆశ ఉందన్నారు, హామీ ఇవ్వలేదు. డేగ ఆమె చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర స్కార్ఫ్ యువతి ఒక్క క్షణం నిలబడి, చిన్నగా నవ్వి, వెళ్లిపోయింది.

"పిల్ల బాగుందిరా," అంది అక్క. "పేరేమిటి?"

"ఏ పేరు చెప్పమంటావక్కా? నాకు తెలిసినవే నాలుగున్నాయి."