అయిదో గ్రీన్ మీద జెండా

ఐలీ నోటి నుంచి స్ట్రూవన్ విన్న మొట్టమొదటి మాట ఎత్తిపొడుపే.

జూన్ నెల, సన్నగా తుంపర. బస్సు డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చుకోకుండా, అయిదో గ్రీన్ మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు అతను. గ్రీన్ అంటే బంతిని పడెయ్యాల్సిన గుంత చుట్టూ నున్నగా కత్తిరించి పెంచే పచ్చిక. గోల్ఫ్ ఆడేవాళ్ళే దాని మీద అడుగు ఆచితూచి వేస్తారు. ఈయనగారు బరువైన బూట్లతో బాసింపట్టు వేసుకుని మరీ టీ తాగుతున్నాడు.

"టీ ఒక్కటేనా అండీ? బిస్కెట్లు కూడా తెప్పించమంటారా?" అంది వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూశాడు. నెత్తిన ఉన్ని టోపీ, మోకాళ్ళ దాకా బురద, చేతిలో పార. మనిషి చూస్తే ఇంతే ఉంది, చూపు మాత్రం ఇన్‌స్పెక్టరు చూపు.

"ఇది పబ్లిక్ స్థలమే కదా" అన్నాడు.

"పబ్లిక్ స్థలమే. అందుకే ఇలా తగలడింది. లేవండి."

లేచాడు. కానీ వెళ్ళలేదు. ఆమె చేతిలో పార వంక, తను కూర్చున్న చోటు వంక మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. అక్కడ టీ ట్రే అంత మేర గడ్డి మాడిపోయి నేల బోసిగా ఉంది. అది ఎందుకు మాడిందో పిట్‌కారీ ఊరు మొత్తంలో అతనొక్కడికే తెలుసు. ఆ మట్టిలో వాళ్ళమ్మ ఉంది.

వాళ్ళమ్మ పేరు ఎఫీ. పొద్దున్నంతా బేకరీలో పిండి పిసికి, సాయంత్రం కాగానే పాత పిల్లల బండిలో మూడంటే మూడు గోల్ఫ్ కర్రలు వేసుకుని ఈ మున్సిపల్ మైదానానికి వచ్చేసేది. తొమ్మిది గుంతల్లో ఎనిమిదింటిని లొంగదీసుకుంది కానీ, సముద్రం వైపున్న ఈ అయిదోది మాత్రం చచ్చేదాకా లొంగలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా నవ్వుతూ, "అది నన్ను బతికుండగా గెలవనివ్వలేదురా, పోయాక దాని నెత్తిన ఎక్కి కూర్చుంటాను, నన్ను అక్కడే వెయ్యి" అని చెప్పింది.

ఆ తీరంలో అది కొత్త సంగతేమీ కాదు. ముసలి ఆటగాళ్ళు పోతే ఇంటివాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా వచ్చి గుప్పెడు బూడిద గాలికి వదిలి పోతుంటారు. గాలి తీసుకుపోతుంది, గడ్డికి ఏమీ కాదు. స్ట్రూవన్‌కి అమ్మని గాలికి వదలబుద్ధి కాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని అంతా ఒకేచోట పోసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు అరచేత్తో అద్దాడు. అంత బూడిదలో ఉండే ఉప్పు గడ్డి వేళ్ళని కాల్చేస్తుందని అతనికేం తెలుసు. వసంతం వచ్చేసరికి మచ్చ తేలింది. అప్పుడు తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు.

ఆ మైదానం అప్పటికే దిక్కులేనిదై ఉంది. కౌన్సిల్ వాళ్ళు గడ్డి కొయ్యడం మానేశారు. ఇసుక గుంతల్లో కుందేళ్ళు కాపురం పెట్టాయి, ముళ్ళపొదలు దారుల మీదికి వచ్చేశాయి. మూసేస్తామంటే ఊరివాళ్ళు గోల చేశారు. చివరికి సెప్టెంబరు ఆఖరుకల్లా తొమ్మిది గ్రీన్లూ ఆటకు పనికొచ్చేలా చేస్తే మైదానం ఊరికి అప్పగిస్తామనీ, లేదంటే గేటుకి తాళమేననీ తేల్చారు. ఆ పని మీదే ఐలీ వచ్చింది. అఖాతానికి అవతల పెద్ద క్లబ్బులో పని వదులుకుని, మార్చి దాకా ఉంటానని ఒప్పుకుంది.

మర్నాడు సాయంత్రం నుంచి స్ట్రూవన్ కూడా పనికి వచ్చాడు. పారని ఒక కంట కనిపెట్టడానికే వస్తున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. రెండో కంటితో ఎవరిని కనిపెడుతున్నాడో షెడ్డు పైకప్పు బాగుచేస్తున్న ఆర్చీ తాతకి రెండు రోజుల్లోనే అర్థమైపోయింది.

ఆమె అతన్ని బస్సు బాబు అనేది. అతను ఆమెని కండక్టరుగారూ అనేవాడు. కోత యంత్రం వంకరగా నడిపితే, బస్సు కూడా ఇలాగే నడుపుతావా, ఊళ్ళో ఇంకా జనం ఎలా మిగిలారు అని అడిగేది. వాన పెద్దదైతే ఇద్దరూ షెడ్డు కింద దూరి, అతను తెచ్చిన మాంసం కజ్జికాయని విరిచి పంచుకునేవాళ్ళు. పెద్ద ముక్క ఎవరిదని రోజూ పేచీయే. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే అతను వాన వంక చూస్తున్నట్టు నటించేవాడు. ఆమె నటించేది కాదు, సూటిగానే చూసేది.

ఎనిమిది గ్రీన్లు తేరుకున్నాయి. అయిదోదాని మీద మచ్చ మాత్రం తేరుకోలేదు. ఐలీ దానికి తెగులు మందు కొట్టింది, రెండుసార్లు విత్తనం చల్లింది, బోర్లా పడుకుని మట్టి వాసన చూసింది. మొలిచిన మొలక మొలిచినట్టే ఎర్రబడి చచ్చేది. నాకు పని రాదని ఊరంతా అనుకుంటుందని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. స్ట్రూవన్ పక్కనే బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెబితే తవ్వేస్తుంది. అమ్మ ఎక్కడుందంటే వేలు పెట్టి చూపించగల చోటు లోకంలో అతనికి అదొక్కటే. గడ్డి మొలవకపోతే బావుండునని రహస్యంగా కోరుకునేవాడు. ఐలీ ముఖం చూస్తే మొలిస్తే బావుండునని అనిపించేది. రెండూ నిజమే, రెండూ కలిసి అతన్ని నిద్రపోనిచ్చేవి కావు.

సెప్టెంబరు వచ్చింది. ఒక వాన సాయంత్రం ఐలీ మచ్చ చుట్టూ తాడు కట్టింది. రేపు ఇదంతా తవ్వి చెత్తబండిలో పారబోసి కొత్త పచ్చిక పరిచేస్తానంది.

"పారబొయ్యకు" అన్నాడు స్ట్రూవన్.

"ఏం, దాచుకుంటావా?"

"అది మా అమ్మ, ఐలీ."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. అతను అంతా చెప్పాడు. ఆసుపత్రి మాట, ఫిబ్రవరి పద్నాలుగున అమ్మ పోవడం, ఏడాది తిరిగిన రోజున బూడిద తెచ్చి పోయడం, అరచేత్తో అద్దడం. వాన పడుతూనే ఉంది.

"ఇన్ని నెలలు నా పక్కన నిలబడి బకెట్టు పట్టుకున్నావు" అంది ఆమె. "నేను ఏడుస్తుంటే కూడా పట్టుకునే ఉన్నావు."

"చెబితే అమ్మ పోతుందనుకున్నాను."

"నాకు చెప్పి ఉంటే నేను నీ దగ్గర్నుంచి మీ అమ్మని తీసుకుపోతాననుకున్నావా? అంత రాయిలా కనిపించానా?"

పార అక్కడే పడేసి వెళ్ళిపోయింది. వారం దాటినా అతనితో పలకలేదు. అతను రావడం, పని చెయ్యడం, పోవడం. ఆర్చీ తాత కూడా వేళాకోళం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆమె అతని బస్సు ఎక్కింది. టికెట్టు తీసుకుని, ముఖం చూడకుండా వెనక సీట్లో కూర్చుంది. ఆఖరి స్టాపు వచ్చింది, అందరూ దిగిపోయారు, ఆమె దిగలేదు. ఇంజను ఆపాడు.

"పైమట్టి తీసి పక్కన పెడదాం" అంది కిటికీలోంచి చూస్తూ. "దానికి ఇసుక బాగా కలిపి, నీళ్ళు పోసి ఉప్పు కడిగి, మళ్ళీ అక్కడే లోతుగా దింపుదాం. పైన మంచి మట్టి, ఆ పైన పచ్చిక. వేళ్ళు అంతదూరం పోవు. ఆవిణ్ణి ఎక్కడికీ పంపను."

అతను సీటులోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"తవ్వడం మాత్రం నువ్వే తవ్వాలి. నా చేతులు రావట్లేదు" అంది.

మర్నాడు పొద్దున్నే అతనే తవ్వాడు. ఆమె నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకుని, మట్టి కడగడం దగ్గర్నుంచి పచ్చిక పరిచేదాకా వానలోనే ఉంది. నెలాఖరుకి కౌన్సిల్ మనిషి వచ్చాడు. అయిదో గ్రీన్ మీద కిందికైనా చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. మైదానం ఊరిదైంది. అందరూ చప్పట్లు కొడుతుంటే స్ట్రూవన్ షెడ్డు వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. కిందికి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదని, అంత బాగా కలిసిపోయిందని.

చలికాలానికి అతుకులు కూడా మూసుకుపోయాయి. అతను వెతికేవాడు. ఇక్కడనుకుంటే ఇక్కడ, అక్కడనుకుంటే అక్కడ, అంతా ఒకటే పచ్చదనం. ఐలీని అడిగితే చెప్పేదే. కానీ ఆమె నెలల కష్టం ఫలించినందుకు తను ఏడుస్తున్నానని ఆమెకెలా చెబుతాడు? మార్చితో ఆమె కూడా వెళ్ళిపోతుంది. ఆ సంగతీ అతను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఫిబ్రవరి పద్నాలుగున సెలవు పెట్టి, అమ్మ పొట్టి కర్ర, ఆమె గీతలు పడ్డ బంతీ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గరే ఆర్చీ తాత ఎదురై మండిపడ్డాడు.

"ఆ పిల్లకి మతిపోయిందిరా. అయిదో గ్రీన్ మీద గుంత తీసుకుపోయి మూలకి పెట్టింది. అక్కడెవరైనా పెడతారా?"

గ్రీన్ అరిగిపోకుండా మైదానం చూసేవాళ్ళు గుంతని మాటిమాటికీ కొత్తచోటికి మారుస్తారు. ఇవాళ దాన్ని ఎక్కడ తవ్వాలన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. స్ట్రూవన్ ఆయాసపడుతూ దిబ్బ ఎక్కాడు. సముద్రం వైపు అంచున, ఎర్రజెండా గాలికి కొట్టుకుంటోంది. పక్కనే ఐలీ, ఉన్ని టోపీతో.

"ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే. ఎండాకాలమంతా దీని మీద బోర్లా పడుకున్నదాన్ని, నాకు తెలీదా?" అంది ఐలీ. "మిగతా రోజులు ఎక్కడైనా ఉండనీ. ప్రతి ఏడాదీ ఈ రోజు మాత్రం గుంత ఇక్కడే ఉంటుంది."

"మార్చి తర్వాత ఎవరు తవ్వుతారు?"

"ప్రతి ఏడాదీ అన్నాను, బస్సు బాబూ. ఇంకా ఎలా చెప్పాలి నీకు?"

అతను బంతిని గడ్డి మీద పెట్టి కొట్టాడు, తప్పింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి అంచున తిరిగి లోపల పడింది. తీద్దామని మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. బంతి దొరికింది, అయినా చెయ్యి తియ్యలేదు. వేళ్ళకి చల్లటి తడి మట్టి తగులుతోంది. "అమ్మా" అన్నాడు మెల్లగా, తల వంచుకుని ఏడ్చాడు.

వెనక ఆడుతూ వస్తున్నవాళ్ళని పక్కనుంచి ముందుకు పొమ్మని ఐలీ సైగ చేసింది. అతను లేచేదాకా జెండా పట్టుకుని, రెండో చెయ్యి అతని భుజం మీద వేసి నిలబడింది.