నల్లవాగు కాడి ఎర్రలైటు

భైంసా నుంచి బాసర దిక్కు పోయే తొవ్వల, నల్లవాగు దాటే కాడ సగం పనిచేసి ఇడిసిపెట్టిన కల్వర్టు ఒకటుండె. ఆ జాగకు మంచి పేరు లేదు. పొద్దుగూకినంక అక్కడ బండి ఆపెటోడు లేడు. ఆపుడు పక్కకు పెట్టు... దాటిపోయినంక ఎనుకకు మర్రి చూసెటోడు గూడ లేడు.

రోడ్డు ఎడల్పు చేస్తమని పాత కల్వర్టును తవ్విండ్రు. రెండు నిలువుల లోతు గుంత. అడుగున పగలగొట్టిన పాత కాంక్రీటు, అందుల నుంచి పైకి లేచిన ఇనుప చువ్వలు. పక్కపొంటి మట్టితొవ్వ ఏసి బండ్లను అటు మళ్లించిండ్రు. ఆ తర్వాత పని ఆగింది. మూడేండ్లయినా గుంత గట్లనే ఉండె.

ఆ గుంతల పడే సంతోష్‌రావు సచ్చిపోయిండు.

ఎనిమిదెకరాల పత్తి రైతు. నలభై ఆరేండ్ల మనిషి. భైంసాల పత్తి అమ్మి మోటర్‌సైకిల్ మీద ఇంటికి వస్తుండె. ఇరవై ఏండ్ల సంది పోయొచ్చే తొవ్వనే. కానీ పొద్దుగాల ఆయన పోయేటప్పుడు ఆడ గుంత లేదు. ఆయన భైంసాకు పోయినంక ఆ పగటీలే తవ్విండ్రు.

ఇగ లైటు సంగతి.

ఆ ఏడు చలి మొదలైన కాడికెల్లి, రాత్రి ఆ తొవ్వల పోయేటోళ్లకు ఒక ఎర్రలైటు కనబడవట్టింది. గుంత అంచున, నేలకు జానెడు ఎత్తుల. ఎనుక తెల్లటి ఆకారం. బండి దగ్గరికొచ్చేసరికి ఆ తెల్లటిది మెల్లగ గుంతలకు దిగిపోతది. లైటొక్కటే మిగుల్తది.

ఆటో నడిపే ఫయాజ్ రెండుసార్లు చూసిండు. భైంసా వాళ్లందరికి చెప్పిండు గాని జమునకు మాత్రం చెప్పలే. ఎట్ల చెప్తడు? జమున సంతోష్‌రావు భార్య.

కానీ ఊర్ల మాట దాగుతదా... ఒకరోజు ఆయన ఆటోలనే కూసుండి జమున అడిగింది.

"ఫయాజ్... మా ఆయనే అంటున్నరు గదా అందరు. నువ్వు చూసినవా?"

ఫయాజ్ అద్దంల నుంచి చూపు తిప్పుకున్నడు. "మొకం కనబడలే అక్కా."

"మనిషి ఎత్తెంత?"

"అక్కా... గవన్ని మనసుల పెట్టుకోకు."

"ఎత్తెంతని అడుగుతున్న."

"...సంతోషన్న అంతనే ఉంటది."

ఇనంగనె వేరేటోళ్లకైతె చలిజ్వరం వచ్చేది. జమునకు రాలే. ఆ రాత్రంత ఆమెకు ఒక్కటే ఆలోచన. దెయ్యమైతె ఏంది? ఆయనే గదా.

ఇంకో ముచ్చట గూడ ఆమెను కొరుకుతుండె. అది కోర్టుది. కాంట్రాక్టర్ మీద జమున దావా ఏసింది. మనిషి పోయిండు, నిర్లక్ష్యం మీది, బాధ్యత మీరే మొయ్యాలె అని. కాంట్రాక్టర్ తరఫున వచ్చిన జవాబు ఏంది? — మేం ఇనుప డ్రమ్ములు అడ్డం పెట్టినం, ఎర్రలైటు పెట్టినం. ఆయనే జోరుగ వచ్చి చూడకుండ పడ్డడు. తప్పు సచ్చిపోయినాయనదే.

దానికి తగ్గట్టు ఒక ఫోటో పెట్టిండ్రు. మూడు డ్రమ్ములు, వాటి మీద ఎలుగుతున్న ఎర్రలైటు, ఎనుక చీకటి. ఆ రాత్రి తీసిందే అన్నరు. అక్కడ కాపలా ఉన్న సిద్దిరాములు బోనెక్కి, ప్రమాణం చేసి, "లైటు ఉండె సార్, నా చేతులతోనే పెట్టిన" అని చెప్పిపోయిండు.

జమున వకీలు మమతారాణి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. "జమునమ్మా, కేసంత ఒక్కదాని మీదనే నిలవడ్డది," అన్నది. "సంతోష్‌రావు గారు పడే గడియల ఆడ లైటున్నదా, లేదా. లేదని చెప్పేటోళ్లు మనకు ఒక్కరు గూడ లేరు."

లైటు లేదని చెప్పేటోడు ఒక్కడే. ఆయన లేడు.

ఇప్పుడేమో అదే జాగల లైటు పట్టుకొని నిలవడ్డడంటున్నరు...

పుష్యమాసం. చలి ఎముకలకు తగుల్తుండె. బిడ్డ స్నిగ్ధ నిర్మల్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతది, ఇంట్ల అడ్డం చెప్పేటోళ్లు లేరు. రాత్రి తొమ్మిదింటికి జమున ఫయాజ్‌ను పిలిపించింది. ఆయన శానసేపు వద్దన్నడు. ఆఖరికి, ఆమె నడిచి పోతనంటె ఒప్పుకున్నడు.

వాగు ఇంకో రెండు వందల గజాలుందనంగ ఆటో ఆపిండు.

"ఇగ ముంగటికి నాతోని కాదక్కా. ఈన్నే ఉంట. ఇంజన్ బంద్ చెయ్య."

జమున దిగింది. నడిచింది.

పక్కల పత్తిచేన్లు. ఏరంగ మిగిలిన పత్తి ఆడాడ తెల్లగ... గాలికి కదులుతుండె. ఆటో సప్పుడు ఎనుకబడ్డది. కొంచెం పోయినంక అదీ ఇనబడలే.

లైటు కనబడ్డది.

నిజంగనె — నేలకు జానెడెత్తుల. ఎర్రగ. దాని పక్కన తెల్లగ ఏదో వంగి ఉన్నది. రాళ్లు ఒకదాని మీదొకటి పెడుతున్న సప్పుడు... టక్... టక్...

ఆమె కాళ్లు ఆగినయి. భయం గాదు అది. మూడేండ్లు దాసి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారే నోటి దాక వచ్చినయి.

"ఇగో..." అన్నది. "నేను... జమునను."

టక్ సప్పుడు ఆగింది.

తెల్లటి ఆకారం గుంత దిక్కు కదిలింది. ఒక కాలు లోపలికి దించింది.

"పోకు," అన్నది జమున. "జరసేపు ఉండు. నిన్నేం అడగ. ఊకె చూసి పోత... ఒక్కసారి ఇటు తిరుగు."

ఆకారం కదలలే. శానసేపటికి... మెల్లగ తిరిగింది. తల మీది నుంచి తెల్ల దుప్పటి జారింది.

నెరిసిన గడ్డం. లోపలికి పోయిన కండ్లు.

ఆయన కాదు.

"అమ్మా... నేను. సిద్దిరాముల్ను."

ఎవరన్న సచ్చినప్పుడు ఒక్కసారే ఏడుస్తరు. జమునకు ఆ రాత్రి మొగుడు రెండోసారి సచ్చిండు. నిలవడలేక ఉన్నకాడ్నే రోడ్డు మీద కూలవడ్డది.

సిద్దిరాములు దగ్గరికి రాలే. గుంత అంచున్నే కూసున్నడు. ఇద్దరి నడుమ ఆ ఎర్రలైటు. అడగకముందే ఆయనే చెప్పవట్టిండు, కిందికి చూసుకుంట, గుసగుసగ.

"కోర్టుల లైటుండె అని చెప్పొచ్చిన కాడికెల్లి నాకు నిద్ర లేదమ్మా. ఇంకొకడు పడ్తడేమోనని గుబులు. రోజు రాత్రి వచ్చి రాళ్లు పెట్టి, లైటు పెట్టి పోతున్న. బండొస్తె గుంతల దాక్కుంట. కాంట్రాక్టర్‌కు తెలిస్తె ఉన్న పని పోతది."

"ఆ రాత్రి... లైటు లేకుండెనా?" అన్నది జమున.

"లేకుండె. డ్రమ్ములు గూడ లేకుండె. తెల్లారి ఇంకో సైటు కాడికి పెద్ద సార్లు చెకింగుకు వస్తున్నరని మాపటీలి అన్నీ ట్రాక్టర్ల ఏసుకపోయిండ్రు. నన్నొక్కన్ని ఉంచిండ్రు. నేను చలికి జరంత దూరం పోయి మంట కాగుకుంట కూసున్న. బండి సప్పుడు ఇనబడ్డది... మళ్ల ఇనబడలే."

చేతికి దొరికిన రాయిని వరుసల పెట్టి మళ్ల అందుకున్నడు.

"ఉరికొచ్చి కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసిన. ఎవ్వనికి చెప్పకు, ట్రాక్టర్ పంపుతున్న అన్నడు. ట్రాక్టరొచ్చింది. డ్రమ్ములు దించినం. లైటు పెట్టినం. ఫోటో తీసి పంపు అన్నడు... తీసి పంపిన. శానసేపటికి మళ్ల ఫోన్ చేసి, గప్పుడు 108కు చెయ్యిమన్నడు."

జమున ఆ మాట బయటికి రావద్దన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని అడిగింది.

"ఫోటో తీసేటప్పుడు... ఆయన?"

సిద్దిరాములు తలెత్తలే.

"బతికే ఉన్నడమ్మా."

ఆ ఫోటోను జమున ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. వకీలు ఆఫీసుల, కోర్టు వరండాల, ఇంట్ల. డ్రమ్ముల ఎనుక నల్లగ కనబడేది ఊకె చీకటే అనుకున్నది. అది గుంత. ఆ నలుపుల ఆయన ఊపిరి తీసుకుంట పడి ఉన్నడు — వాళ్లు పైన డ్రమ్ములు వరుసగ ఉన్నయా లేదా అని చూసుకుంటుంటె.

ఆమె తిట్టలే. మన్ను ఎత్తి పొయ్యలే. అట్ల చేసినా బాగుండునని సిద్దిరాములు తర్వాత ఎవరితోనో అన్నడట.

"ఆ ఫోన్ ఉన్నదా నీ కాడ?" అని అడిగింది.

"ఉన్నది. పాతది. బీరువల దాసిన."

"గీ మాట కోర్టుల చెప్తవా?"

"నన్ను జైల్ల ఏస్తరమ్మా. ప్రమాణం చేసి అబద్ధమాడిన."

"ఏస్తరు," అన్నది జమున.

గాలి వీచింది. దూరంగ ఫయాజ్ ఆటో హారన్ కొట్టిండు, భయానికో, పిలుపుకో.

"చెప్త," అన్నడు సిద్దిరాములు.

నెలన్నరకు కోర్టు ఆయనను మళ్ల పిలిపించింది. మమతారాణి పాత ఫోన్‌ను జడ్జి ముంగట పెట్టింది. కాంట్రాక్టర్‌కు ఫోన్ పోయినంకనే ఫోటో తీసినట్టు అందుల ఉన్నది, టైం తొమ్మిదీ ఇరవై. 108కు ఫోన్ పోయిన టైం వాళ్ల రికార్డుల ఉన్నది, పది దాటి అయిదు నిమిషాలు. నడుమ ముప్పావు గంట. సిద్దిరాములు అంత చెప్పిండు, నీళ్లు గూడ అడగకుండ.

కాంట్రాక్టర్ వకీలు లేచిండు. "మొన్న లైటు ఉన్నదన్నవు, ఇయ్యాల లేదంటున్నవు. నీ మాట ఎట్ల నమ్మాలె? మనిషి బతికున్నడని చెప్పనీకి నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు సార్."

"మరెట్ల తెలుసు?"

"మాట్లాడిండు సార్."

వకీలు ఇగ చాలన్నట్టు కూసోబోయిండు. జడ్జి కళ్లద్దాలు తీసి అడిగింది. "ఏం మాట్లాడిండు?"

సిద్దిరాములు జమున దిక్కు చూసిండు. ఈ ముచ్చట ఆ రాత్రి గుంత కాడ గూడ చెప్పలే. చెప్పే ధైర్యం చాలలే.

"ఇంటికి ఫోన్ చెయ్యిమన్నడు మేడం. 'నాకు లేటయితది. జమునను తిని పండుమను. నా కోసం కూసోవద్దను' అన్నడు. రెండు మూడు సార్లు గదే అన్నడు." బోను అంచు పట్టుకున్నడు. "నేను నంబరు అడగలే మేడం. ఫోటో తీసుట్ల ఉన్న."

కోర్టుల టైపు చేసే అమ్మాయి చేతులు ఆగినయి.

తీర్పు నాలుగు నెలలకు వచ్చింది. తప్పంత కాంట్రాక్టర్‌దే అన్నరు, సంతోష్‌రావు మీద పిసరంత గూడ లేదన్నరు. గుంత పూడ్చి రోడ్డేసిండ్రు. పరిహారం ఎంతన్నది మమతారాణి చదువుతుంటె జమునకు ఇనబడలే. కాంట్రాక్టర్ మీద పోలీసు కేసు మళ్ల తెరిచిండ్రు. సిద్దిరాములు మీద అబద్ధపు సాక్ష్యం కేసు పడ్డది, ఆయన దాన్ని ఒప్పుకున్నడు. ఆ లైటు మళ్ల ఎవ్వరికి కనబడలే.

ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. సాక్ష్యం నాటి మాపు బస్సుల జరిగింది మాత్రం స్నిగ్ధకు తప్ప ఎవ్వరికి తెల్వకుండె. ఆ అమ్మాయి చెప్తెనే నాకు తెలిసింది.

తల్లీబిడ్డలు ఒక్క సీట్ల కూసున్నరు. స్నిగ్ధ ఆమె చెయ్యి పట్టుకొని, "అవ్వా, ఏడిస్తె ఏడువు," అన్నది.

జమున ఏడువలే. కిటికిల నుంచి బయటికి చూసుకుంట అన్నది.

"నువ్వప్పుడు హాస్టల్‌ల ఉన్నవు... ఆ రాత్రి మీ బాపు కోసం నేను కూసోలే బిడ్డా. పొద్దంత పత్తి ఏరి ఒళ్లు ఇరిగిపోయింది. ఎనిమిదింటికే తిన్న. తిని పన్న. పోలీసులొచ్చి తలుపు కొడితెనే లేచిన."

స్నిగ్ధ చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"మూడేండ్ల సంది ఎవ్వరికి చెప్పలే. ఆయన ఆ చువ్వల మీద పడి నా ముచ్చట చెప్తున్న గడియల..." జమున ఆగింది. కొంచెంసేపటికి మళ్ల అన్నది.

"నాకు మంచి నిద్ర పట్టి ఉండె."