ఎర్ర బొత్తాం లేని గది

ఆ రోజుల్లో కాలవ నీళ్ళ తగువైనా, అన్నదమ్ముల గోడ తగువైనా కోర్టుకు పోయేవారు లేరు. ప్రతి మండలంలోనూ సమ్మతి గది ఉండేది. వాదీ ప్రతివాదీ టిఫిన్ క్యారియర్లతో లోపలికి వెళ్ళి తలకు పట్టీ కట్టుకునేవారు. పట్టీలోని సమ్మతిమాని మెదడులో ఉన్న నమ్మకాన్ని కొలిచేది. పెదవి మీది మాట దాని దగ్గర చెల్లదు. ఇద్దరి నమ్మకమూ ఒకటైతే తలుపు తెరుచుకునేది. గడప దాటేలోగా ఎవరి మనసు మారినా మళ్ళీ మూసుకునేది. తట్టుకోలేనివాళ్ళ కోసం ఎర్ర బొత్తాం ఒకటి ఉండేది. నొక్కితే ఓడినట్టే, కానీ బయటపడొచ్చు.

చంద్రుడి ఆవలి వైపు వేధశాలలో కట్టిన గదికి ఆ బొత్తాం లేదు. అక్కడ వాదానికి దిగిన ముసలి శాస్త్రవేత్త పుండరీకమే తీయించాడు. ఓడిపోయే ఘడియలో ఎదుటి వాది తబస్సుమ్ అది నొక్కి పారిపోతుందని ఆయన అనుమానం. ఆయనే పారిపోతాడని ఆవిడ అనుమానం. ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టారు.

తగువు విశ్వం గురించి. దూరపు గెలాక్సీల వెలుగు ఎర్రబారి వస్తుంది. విశ్వం విస్తరిస్తూ వెలుగును కూడా సాగదీస్తోందని లోకం అంటుంది. విశ్వం కదలదు, వెలుగే అంత దూరం నడిచి అలిసిపోతుందని పుండరీకం జీవితమంతా వాదించాడు. తబస్సుమ్ ఒకప్పుడు ఆయన శిష్యురాలు. తర్వాత ఎదురు పక్షం.

తేల్చే పరీక్ష ఒకటుంది. పేలిన నక్షత్రం మెల్లగా ఆరిపోతుంది. వెలుగు అలిసిందన్నదే నిజమైతే రంగు మారుతుంది గానీ ఆరిపోయే కాలం మారదు. విశ్వం సాగితే ఆ కాలమూ సాగుతుంది. కొత్త దుర్భిణి అతి దూరపు పేలుళ్ళను చూసి లెక్క ఇచ్చింది. కాలం సాగింది.

"ఒప్పుకున్నాను. నాదే తప్పు," అన్నాడు పుండరీకం, గదిలో తలకు పట్టీతో.

తెర మీద అక్షరాలు వచ్చాయి: సమ్మతి లేదు.

"మనసులో ఏటుంది మాస్టారూ?" అంది తబస్సుమ్.

"ఏటీ లేదు."

"ఉంది. లేకపోతే తలుపు తెరుచుకునేది కదా."

"దూరపు నక్షత్రాలు పుట్టుకతోనే నిదానంగా ఆరే రకమేమో," అన్నాడు.

"అదిగో."

రత్నమాల, ఆయన భార్య, విశాఖలో ఆసుపత్రి మంచం మీద ఉంది. జబ్బని తెలిసే వచ్చాడు. ఎంతసేపటి పని, నెగ్గి వెళ్ళిపోదామనుకున్నాడు. ఇంటి కబుర్లు మాత్రం తెర మీదికి వచ్చేవి. ఊపిరి ఆడడం లేదని ఒకటి. అమ్మ నువ్వెక్కడని అడుగుతోందని కూతురు రాసినది ఇంకొకటి.

ఆయన లెక్కలన్నీ మళ్ళీ చేశాడు. తనకు వ్యతిరేకంగా తానే వాదించుకున్నాడు. కళ్ళు మూసుకుని, సాగుతోంది, సాగుతోంది అని జపం చేశాడు. సమ్మతి లేదు.

"నువ్వైనా నా మాట నమ్మరాదూ," అన్నాడు చివరికి.

"ప్రయత్నించాను మాస్టారూ. రాత్రంతా. ఆ లెక్క కళ్ళ ముందు ఉండగా ఎలా నమ్మేది?"

"నా దగ్గర చదువుకుని ఇదా నేర్చుకున్నావు."

"మీ దగ్గర నేర్చుకున్నది ఇదే."

మూడో కబురు చిన్నది. అమ్మ పోయింది.

ఆయన దాన్ని చదివి కుర్చీలో కూర్చున్నాడు. తబస్సుమ్ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"సాగితే ఏటి, ఆగితే ఏటి," అన్నాడు.

"ఔను మాస్టారూ. ఎలా ఉంటే మనకేటి," అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంటోంది.

తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సమ్మతి అని తెర చెప్పింది. దేని మీద సమ్మతో అది చెప్పదు.

"లేవండి. దహనానికైనా అందుతారు. వాహనం సిద్ధంగా ఉంది." తబస్సుమ్ ఆయన చెయ్యి పట్టి లేపింది. ఆయన గోడ పట్టుకుని నడిచాడు. గడప దగ్గరికి వచ్చాడు.

స్పీకర్లో వేధశాల అధిపతి పరమశివం గొంతు వినిపించింది. "ఒప్పుకున్నారటగా. శుభం. ఎవరిది నెగ్గింది?"

"మాస్టారి భార్య పోయారు సార్. ఆయన్ని వెళ్ళనివ్వండి."

"అయ్యయ్యో." పరమశివం గొంతు తగ్గించాడు. "అది సరేనమ్మా. కింద భూమ్మీద అందరూ అడుగుతున్నారు. విస్తరిస్తున్నట్టేనా?"

తబస్సుమ్ ఆలోచించలేదు. అలవాటు కొద్దీ అనేసింది. "లెక్క ప్రకారం అంతే సార్."

పుండరీకం ఒక కాలు గడప అవతల పెట్టి ఉన్నాడు. ఎదురుగా వాహనం దీపాలు వెలుగుతున్నాయి. ఆ కాలు వెనక్కి తీసుకుని, గదిలోకి తిరిగాడు.

"ఏ లెక్క ప్రకారం?" అన్నాడు. "ఆ నక్షత్రాల రకం ఏటో తేలకుండా అంతే అని ఎలా చెప్తావు నువ్వు?"

ఆయన వెనక తలుపు మూసుకుంది.