ఇరవై శాతం ఎక్కువ

“ఇరవై శాతం మైలేజీ ఎక్కువ, ఇంజన్ సౌండు సగానికి సగం తక్కువ” అని మైకులో వినపడగానే, నాన్నకి క్యారియర్ తెచ్చిన మనోజ్ఞ షాపు మెట్ల మీదే ఆగిపోయింది.

ఆటోనగర్‌లో నాన్న రామకోటేశ్వరరావు గారు నడిపే ఆయిల్ షాపు ముందు అంత హడావిడి ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎర్రటి టెంటు, గాలికి ఊగే బెలూన్లు, మనిషెత్తు జెట్‌రాజా ఇంజన్ ఆయిల్ డబ్బా బొమ్మ. బొమ్మ పక్కన మైకు పట్టుకుని ఒక కుర్రాడు. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, ఎదురుగా ఉన్నవాళ్ళందరూ చిన్ననాటి స్నేహితులన్నట్టు నవ్వు. అతని పేరు సాయిగణేష్ అనీ, కంపెనీ సేల్స్ ఆఫీసరనీ మెడలో వేలాడే కార్డు చెబుతోంది.

డబ్బా మూత తీసి కొంచెం ఆయిల్ చూపించాక, అతను జేబురుమాలుతో దాని మూతి చుట్టూ తుడిచాడు. ఆవకాయ జాడీ అంచు తుడిచినంత శ్రద్ధగా తుడిచాడు. ఆ ఒక్క పనీ మనోజ్ఞకి నచ్చింది. మిగతావేవీ నచ్చలేదు.

నాన్న మాత్రం మురిసిపోతున్నారు. షాపుకి కొత్త బోర్డు, లైట్లు, అన్నీ కంపెనీయే పెట్టిస్తుందట. బదులుగా ఆ షాపులో జెట్‌రాజా తప్ప మరొక ఆయిల్ అమ్మకూడదట. ఆ షరతు మనోజ్ఞకి మింగుడుపడలేదు. ఈ షాపుకి ఉన్నదల్లా నాన్న మాట. ఆయన “ఇది వెయ్యండి” అంటే డబ్బా మీద ఏం రాశారో కూడా చూడకుండా తీసుకుపోయేవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆ మాటని ఈ బెలూన్లకి కట్టి ఎగరెయ్యడమా?

“దేనికన్నా ఇరవై శాతం ఎక్కువండీ?” అని అడిగింది.

మైకు గరగరమని ఆగింది. “మామూలు ఆయిల్ కన్నా, మేడమ్.”

“ఏ బండిలో చూశారు?”

“మా ల్యాబ్‌లో చూశారు మేడమ్.”

“నేనూ ల్యాబ్‌లోనే పని చేస్తానండీ. అందుకే అడుగుతున్నా.”

మనోజ్ఞ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కెమిస్టు. టర్బైన్లలో తిరిగే ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పడమే ఆమె ఉద్యోగం. పక్క షెడ్డు మెకానిక్ ఇస్సాక్ ఆ సంగతి సాయిగణేష్ చెవిలో ఊదాడు. అతను జంకలేదు. కాగితాలెందుకు మేడమ్, నడిపితే తెలిసిపోతుంది, కళ్ళు మూసుకుని కూడా మా ఆయిల్ని పట్టేస్తాను అన్నాడు.

“కళ్ళు తెరుచుకునే పట్టుకోండి, ట్రాఫిక్ ఉంటుంది” అంది మనోజ్ఞ. జనం ఘొల్లున నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది అతనే. అది ఆమెకి కొంచెం చిరాకు తెప్పించింది. కొంచెమే.

పందెం అక్కడే కుదిరింది. ఇంట్లో రెండు స్కూటర్లున్నాయి. ఆమెదొకటి, నాన్నదొకటి. ఒకే రోజు కొన్నవి, రంగు కూడా ఒకటే. ఒకదాంట్లో జెట్‌రాజా, రెండోదాంట్లో మామూలు ఆయిల్ మనోజ్ఞే పోస్తుంది. అతను రెండూ నడిపి, జెట్‌రాజా ఎందులో ఉందో చెప్పాలి. చెబితే బోర్డు ఎక్కుతుంది. సాయిగణేష్ ఒక కొత్త డబ్బా ఆమె చేతిలో పెట్టి, ఒలకకుండా పొయ్యండి మేడమ్ అని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఆదివారం పొద్దున ఇద్దరూ చెరొక స్కూటర్ ఎక్కారు. బెంజి సర్కిల్ దాటేసరికి మబ్బు కమ్మింది. బ్యారేజీ మీదకి వచ్చేసరికి చినుకు మొదలయింది. గేట్ల కింద కృష్ణ ఎర్రగా, నురగలు కక్కుతూ పోతోంది. ముందు వెళుతున్న సాయిగణేష్ ఒక చెవి ఇంజన్ వైపు వంచి, పసిపిల్లవాడి ఊపిరి వింటున్నట్టు నడుపుతున్నాడు. వెనక నుంచి చూస్తున్న మనోజ్ఞకి నవ్వాగలేదు. నవ్వితే వాన నోట్లోకి వచ్చింది.

అవతలి ఒడ్డున బళ్ళు మార్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో వాన దంచి కొట్టింది. బ్యారేజీ దిగగానే మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి మీది పట్టా కిందకి ఇద్దరూ దూరారు. అతని మొహం వెలిగిపోతోంది.

“నాన్నగారి బండి” అన్నాడు. “వెన్నలా వెళ్ళింది. మీ దాంట్లో కాస్త గరుకుదనం ఉంది. ఏమనుకోకండి.”

“నిజంగా తేడా తెలిసిందా?”

“ఇంత తేడా తెలియకపోతే నేనీ ఉద్యోగం చెయ్యకూడదండీ.”

మనోజ్ఞ పొత్తు మీద నిమ్మకాయ ముక్క నెమ్మదిగా రుద్దింది. “మీ డబ్బా మా షాపులో సీలు విప్పకుండా ఉంది. రెండు బళ్ళలోనూ మా నాన్న అమ్మే మామూలు ఆయిలే.”

కోప్పడతాడని ఆమె సిద్ధపడింది. మోసం చేశారంటాడు, లేదా మాట మారుస్తాడు. సాయిగణేష్ పొత్తు చేతిలో పట్టుకుని, పట్టా అంచు నుంచి కారే నీళ్ళు భుజం మీద పడుతున్నా కదలకుండా, కాసేపు రెండు స్కూటర్లనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు.

“అయితే నా ఆయిల్ ఏం చేస్తుందండీ?”

ఆ షాపులో పుట్టి పెరిగినా, ఆయిల్ అమ్మేవాడెవడూ ఆ ప్రశ్న అడగగా ఆమె వినలేదు.

తనకి తెలిసింది చెప్పింది. ఏదైనా సరే, కొత్త ఆయిల్ పోస్తే ఇంజన్ నాలుగు రోజులు మెత్తగానే నడుస్తుంది. అది కొత్తదనం గొప్ప, పేరు గొప్ప కాదు. బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు ఉంటే మామూలు ఆయిల్ కూడా దాని పని అది చేస్తుంది. ఖరీదైన ఆయిల్ గొప్పదా కాదా అన్నది మొదటి రోజు తేలదు, బాగా తిరిగాక తేలుతుంది.

“ఎలా తేలుతుంది?”

“వేడికి పల్చబడిపోకుండా నిలబడాలండీ. మంచి ఆయిలంటే అంతే. మిగతాదంతా బెలూన్లు.”

అతను జేబులోంచి ఫోను తీసి ఆ మాట రాసుకోబోయాడు. తడిసిన వేళ్ళకి ఫోను పలకలేదు. “గుర్తుంటుంది లెండి” అన్నాడు ఆమె వంక చూస్తూ. ఆ చూపుకి మనోజ్ఞ పొత్తు గింజలు లెక్కపెడుతున్నట్టు తల దించుకుంది.

బోర్డు ఆగింది. కానీ సాయిగణేష్ రావడం ఆగలేదు.

వానలు వెనకపట్టి చెరకు కోతలు మొదలయ్యాక, ఉయ్యూరులో లారీలున్న తిరుపతిరావు గారిని ఒప్పించాడు. ఒక లారీలో జెట్‌రాజా, అలాంటిదే మరో లారీలో మామూలు ఆయిల్. చెరకు బరువుతో రెండూ ఒకే దారిలో తిరుగుతుంటే, అతను చిన్న సీసాల్లో శాంపిళ్ళు తీసి పట్టుకొచ్చేవాడు. మనోజ్ఞ పై అధికారిని అడిగి, డ్యూటీ అయ్యాక వాటిని చూసి పెట్టేది. సీసాలతో పాటు ఒకసారి చెరకురసం, ఒకసారి కొత్త బెల్లం, ఒకసారి ఏమీ లేకుండా ఊరికే రావడం. శాంపిల్ ఏదీ అని అడిగితే దారిలో గుర్తొచ్చిందన్నాడు. ఏం గుర్తొచ్చిందో ఆమె అడగలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ ఫ్లైఓవర్ మీద తనలో తనే నవ్వుకుంటుంటే, పక్కన ఆటోలో పెద్దావిడ కూడా చూసి నవ్వింది.

సీజను సగం గడిచేసరికి ఫలితం తేలింది. మైలేజీలో తేడా లెక్కలోకి రానంత. శబ్దంలో అసలే లేదు. కానీ మామూలు ఆయిల్ నల్లబడి, పట్టు తప్పి, మార్చేసిన చాలా రోజులకి కూడా జెట్‌రాజా ఇంకా నిలబడే ఉంది. దాదాపు రెట్టింపు దూరం పనికొస్తుంది.

“అంటే మన ఆయిల్ నిజంగానే మంచిదండీ” అన్నాడు సాయిగణేష్, పరీక్ష పాసైన పిల్లాడిలా.

“మంచిదే. మీరు మైకులో చెప్పినందుకు మాత్రం కాదు.”

అతని మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. ఎందుకంటే ఉయ్యూరు కల్యాణ మండపంలో లారీ, ట్రాక్టర్ యజమానులందరికీ కంపెనీ పెద్ద మీటింగు పెడుతోంది. స్టేజీ మీద మాట్లాడాల్సింది అతనే. చదవాల్సిన ప్రసంగం హైదరాబాదు నుంచి వచ్చింది. అందులో మొదటి మాటే ఇరవై శాతం. రామకోటేశ్వరరావు గారు కూడా, ఆ కుర్రాడు అక్కడ చెప్పేదాన్ని బట్టి బోర్డు సంగతి తేలుస్తానన్నారు.

ఏం చెబుతారని మనోజ్ఞ అడగలేదు. అడిగితే తన కోసం చెప్పినట్టవుతుంది. తన కోసం నిజం చెప్పే మనిషి, రేపు ఇంకెవరి కోసమో అబద్ధం చెప్పగలడు. ఆ ఒక్క రోజుతో తేలేది బోర్డు ఒక్కటే కాదని ఆమెకి తెలుసు. మీటింగు రోజు ఇంటి తాళం రెండుసార్లు వేసి, మూడోసారి వెనక్కి వెళ్ళి చూసుకుంది.

మండపం నిండిపోయింది. ముందు వరసలో కంపెనీ మేనేజరు. మూడో వరసలో నాన్న పక్కన మనోజ్ఞ, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. సాయిగణేష్ కాగితం తెరిచాడు. నమస్కారం చెప్పాడు. మొదటి వాక్యం దగ్గర ఆగాడు. మేనేజరు కానివ్వమన్నట్టు తలూపాడు.

సాయిగణేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“దీంతో మైలేజీ ఇరవై శాతం పెరుగుతుందని నేను చాలా ఊళ్ళలో చెప్పానండీ. పెరగదు. చూశాను.”

మేనేజరు లేచి మైకు వైపు ఒకడుగు వేశాడు. తిరుపతిరావు గారు అంతకన్నా ముందు లేచి, ఆయన్ని కూర్చోమని చేత్తో సైగ చేశారు.

“పెరగనప్పుడు మేమెందుకు కొనాలయ్యా?”

“అందరూ కొనక్కర్లేదండీ. ఊళ్ళో తిరిగే బండికి, పుస్తకంలో రాసిన గ్రేడు మామూలు ఆయిల్ చాలు, టైముకి మార్చుకుంటే. చెరకు సీజన్లో రాత్రీపగలూ తిరిగే లారీకి మాత్రం ఇది వెయ్యండి. ఆయిల్ మార్చడానికి షెడ్డులో ఆగే రోజులు తగ్గుతాయి. దీని గొప్ప అంతే.”

“సీజన్లో లారీ ఆగకపోవడమే నాక్కావాల్సింది” అన్నారు తిరుపతిరావు గారు. “ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే బెలూన్ల ఖర్చు తప్పేదిగా.”

నవ్వులు, వాటి వెనకే చప్పట్లు. మనోజ్ఞ చప్పట్లు కొట్టలేదు. చున్నీ కొస ఆమె వేలికి ఎంత గట్టిగా చుట్టుకుందంటే విప్పడానికి రెండో చెయ్యి కావలసి వచ్చింది.

భోజనాల వేళ మేనేజరు సాయిగణేష్‌తో మాట్లాడకుండానే కారెక్కాడు. లారీల వాళ్ళు మాత్రం అతని చుట్టూ మూగి ఆర్డర్లు చెబుతున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సోమవారం తెలుస్తుందట. అతను ఆ భయమేమీ లేకుండా, చెట్టు కింద నిలబడ్డ రామకోటేశ్వరరావు గారి దగ్గరికి నేరుగా వచ్చాడు. మనోజ్ఞ పక్కనే ఉంది.

నాన్న తన నిర్ణయం ముందే చెప్పేశారు. బోర్డు వద్దు. షాపులో రెండు రకాల ఆయిలూ ఉంటాయి. ఎవరి బండికి ఏది సరిపోతుందో తనే చెబుతారు.

“అది మంచిదేనండీ. నేనొచ్చింది బోర్డు గురించి కాదు” అన్నాడు సాయిగణేష్. మైకులో అంత ధారాళంగా మాట్లాడేవాడు మాటలు కూడబలుక్కుంటూ చెప్పాడు. “మనోజ్ఞ గారిని పెళ్ళి చేసుకుంటానండీ. ఆవిడని ఇంకా అడగలేదు. మీ ఇద్దరినీ ఒకేసారి అడుగుతున్నా.”

రామకోటేశ్వరరావు గారు దేనికీ వెంటనే అవునని చెప్పే మనిషి కాదు. గడ్డం నిమురుకుని, అతని బైకు వైపు చూశారు.

“ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?”

“నిన్ననే మార్చానండీ.”

“సరే బాబూ. మళ్ళీ మార్చాల్సిన రోజున రా. ఆలోపు మేమూ ఆలోచించుకుంటాం.”

ఆయన ప్రేమగానే అన్నారు. మామూలుగా మార్చేది మూడు వేల కిలోమీటర్లకి, అతను తిరిగే తిరుగుడుకి ఎంతో కాలం పట్టదు. కానీ సాయిగణేష్ మొహం వాడిపోయింది. నేల చూశాడు. మనోజ్ఞని చూశాడు.

“జెట్‌రాజా పోశానండీ. ఆరు వేల దాకా మార్చక్కర్లేదు.”

రామకోటేశ్వరరావు గారి పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ కూతురి వైపు తిరిగారు.

మనోజ్ఞ గుండె ఫుల్లు లోడు లారీలా ఉరుకుతోంది. గొంతు మాత్రం ల్యాబ్‌లో ఉన్నట్టే నిదానంగా పలికింది.

“ఆయిల్ ఎలాంటిదో తెలియడానికి అన్ని కిలోమీటర్లు ఆగక్కర్లేదు నాన్నా. శాంపిల్ చాలు. నేను చూశాను.”

“చూశావా? రిపోర్టేమిటమ్మా?”

ఆమె సాయిగణేష్ వంక చూసింది. స్టేజీ మీద పట్టిన చెమటకి అతని తెల్ల చొక్కా ఇంకా వీపుకి అతుక్కునే ఉంది.

“వేడికి పల్చబడలేదు నాన్నా.”