గోటి మీద గాటు

"అబ్బా!" అని అరిచాడు లిఫ్టు మెకానిక్.

"నేనింకా ముట్టుకోలేదు," అంది ఆమె.

నిజమే. ఆమె చేతిలోని సన్నటి ఆకురాయి అతని బొటనవేలికి ఇంకా బెత్తెడు దూరంలోనే ఉంది. వెనక కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గాడు.

"నొప్పి పుడుతుందేమోనని..."

"గోరుకి నొప్పేమిటండీ? ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"లిఫ్టులు బాగుచేస్తాను. పదో అంతస్తులో బెల్టు కట్టుకుని వేలాడతాను. దానికేం భయం లేదు."

"మరి ఆకురాయంటే భయమా?"

భయం ఆకురాయంటే కాదు. అది పట్టుకున్న మనిషంటే. ఆ మాట చెప్పే దమ్ము లేక బుద్ధిగా చెయ్యి చాపాడు.

అసలతను ఆ కంపెనీకి వచ్చింది లిఫ్టుకి నూనె పెట్టడానికి. మొలకెత్తిన గోధుమల నుంచి తీసిన సారంతో జుట్టుకీ గోళ్ళకీ మాత్రలు తయారుచేస్తారక్కడ. "పలచని జుట్టు, పెళుసు గోళ్ళు ఉన్నవారు పరీక్షకు కావలెను" అని గోడమీద కాగితం అంటించి ఉంది. దేవుడు మనవాడికి ఆ రెండూ పుష్కలంగా ఇచ్చాడు. అయినా పట్టించుకునేవాడు కాదు. సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు వెనక ఆమె ఎవరి గోరో వెలుతురుకి పెట్టి చూస్తూ, తనలో తనే నవ్వుకుంది. అంతే, సంతకం పెట్టేశాడు.

"వచ్చినవాళ్ళలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త బంగాళాదుంప పిండి," అని చెప్పిందామె. "ఎవరికేది ఇచ్చారో నాకూ తెలీదు, మీకూ తెలీదు. గోరు మొదట్లో చిన్న గాటు పెడతాను. వచ్చే నెలకి అదెంత జరిగిందో కొలుస్తాను, అంచులు చిట్లాయేమో చూస్తాను. చెవి వెనక కాస్త జుట్టు కత్తిరించి ఫోటో తీస్తాను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏ ఇబ్బంది వచ్చినా దాచొద్దు. దురదైనా సరే, నాతో చెప్పాలి. వెంటనే మాత్రలు ఆపేస్తాం, ఆ తర్వాత మీరిక రానక్కర్లేదు."

ఇంత చెబితే అతని బుర్రకెక్కింది ఆఖరి ముక్క ఒక్కటే.

పొద్దున్నే టీతోపాటు మాత్ర వేసుకుని పనికి పోయేవాడు. లిఫ్టు ఆగిపోతేనే కదా మెకానిక్కుని పిలిచేది! అందుకని పైనున్న మోటారు గదికి ఎప్పుడూ మెట్లెక్కే పోవాలి. మొదటి వారంలోనే ఒకరోజు పైకి చేరేసరికి చేతులనిండా దద్దుర్లు. దుమ్ము పడలేదేమో అనుకున్నాడు. సెలవు రోజున మాత్ర వేసుకుని మంచంమీద దొర్లితే ఏమీ కాలేదు. మళ్ళీ పనికెళ్ళి మెట్లెక్కాడు, మళ్ళీ దద్దుర్లు. ఈసారి పెదవులు దిమ్మెక్కి, గొంతు బిగుసుకుపోయింది. గాలి లోపలికి పోతూంటే ఈల వేసినట్టు చప్పుడు. మోటారు పక్కన గోడకి జారబడి, ఇక్కడ చచ్చిపోతే ఎవరూ పైకొచ్చి చూడరు గదా అని వణికిపోయాడు. గంటకి తగ్గింది.

బుద్ధున్నవాడైతే పరిగెత్తుకెళ్ళి చెప్పేవాడు. మనవాడు ప్రేమలో ఉన్నాడు. ప్రాణం మీద భయం ఒక పక్క, ఆమె కనబడకుండా పోతుందన్న భయం ఇంకో పక్క. రెండో భయమే గెలిచింది. మర్నాటినుంచి రోజుకో మాత్ర వాష్‌బేసిన్ పాలైంది. నెల తిరిగేసరికి ఖాళీ డబ్బా పట్టుకుని హాజరు.

"ఏమైనా ఇబ్బందా?"

"అబ్బే, ఏం లేదండీ."

చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆమె గమనించలేదు. అతని వేళ్ళు చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అరె, ఒక్క గోరూ చిట్లలేదే! అందరిలోకీ మీ గోళ్ళే బాగున్నాయి, లిఫ్టు గారూ."

"అంతా మీ చేతి చలవ."

"నా చేతిది కాదు, గోధుమలది. లేకపోతే బంగాళాదుంపది."

ఇంకో నెల జోరువానలో తడిసి ముద్దై వచ్చాడు. ఆమె తువ్వాలు అందించి, "తల తుడుచుకోండి. రాలిన వెంట్రుకలు మాత్రం నాకివ్వండి, లెక్కపెట్టాలి," అంది. అతను నిజంగానే తువ్వాలులో వెతకడం మొదలెట్టాడు. ఆమె పగలబడి నవ్వి, చప్పున తలుపు వైపు చూసి నోరు మూసుకుంది.

"పరీక్షలో ఉన్నవాళ్ళతో కొలతలు తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని రూలు. మీరు నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నారు."

"అయితే కొలతలే మాట్లాడదాం. మీ ఇల్లు ఇక్కణ్ణుంచి ఎంత దూరం?"

"చెయ్యి బల్లమీద పెట్టండి," అందామె, నవ్వు బిగబట్టుకుని. "ఇబ్బందులేమైనా?"

"ఏం లేదండీ."

ఆ నవ్వు చూసిన సంతోషం గేటు దాటేదాకా కూడా నిలవలేదు. తేలు కుట్టిన దొంగకి ఏడవడానికుండదు, అతనికి నవ్వడానికి లేకపోయింది. తనలాగే ఇంకెవరికైనా గొంతు బిగుసుకుంటే? వాళ్ళ పక్కన మనుషులుంటారా? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా, వచ్చేసారి తప్పకుండా చెప్పేస్తాననుకునేవాడు. వచ్చేసారి ఆమె చెయ్యి పట్టుకోగానే మాట గొంతులోనే ఉండిపోయేది.

కొలతలు చివరికొచ్చిన రోజుల్లో ఒక పొద్దున, ఎవరో ఫోన్ చేస్తే ఒక అపార్టుమెంటుకి వెళ్ళాడు. కరెంటు తీసి, "లిఫ్టు పనిచేయదు" అని బోర్డు తగిలించేలోగా, చేతిలో సంచులతో ఒకావిడ వచ్చి గట్టిగా నిట్టూర్చింది.

"నేను కిందికి దిగినప్పుడే దీనికి రోగం రావాలా నాయనా! ఐదో అంతస్తు."

"సంచులిలా ఇవ్వండి ఆంటీ, నేను తెస్తాను."

ఎక్కుతూ ఆవిడ ఆపకుండా మాట్లాడుతోంది. మోకాళ్ళు, కూరల ధరలు, పెళ్ళిమాటెత్తితే లేచి లోపలికెళ్ళిపోయే కూతురు.

"గోళ్ళు కొలిచే ఉద్యోగమయ్యా దానిది! ఎవరైనా నవ్విపోతారు. నిన్న కంపెనీవాళ్ళు ఇచ్చారని మాత్రల డబ్బా తెచ్చింది. ఇన్ని నెలల్లో ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాలేదమ్మా, భయం లేదు వేసుకో అంది. పొద్దున టీతో ఒకటి మింగాను. చూద్దాం, ఈ నాలుగు వెంట్రుకలైనా నిలుస్తాయేమో."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఒక్కడు తనే. ఆ మాత్ర మింగిన మనిషి తన కళ్ళముందే మెట్లెక్కుతోంది, లిఫ్టు ఆపిందీ తనే.

ఆవిడ ఆగి, ఆయాసపడుతూ మెడ గోక్కుంది.

"కూర్చోండి!" అని కేకపెట్టాడు. సంచి జారి టమాటాలు మెట్లమీద దొర్లాయి. "కదలకండి! గొంతు పట్టేస్తోందా? పెదవులు దిమ్మెక్కాయా?"

"ఏమైందయ్యా నీకు?"

"మీ అమ్మాయి నంబరు కలపండి, త్వరగా!"

ఫోన్లో ఆమె గొంతు వినబడగానే అతనికి ఏడుపొచ్చేసింది. "మేడం, నేను లిఫ్టుని. మీ అమ్మగారు మాత్ర వేసుకుని మెట్లెక్కారు, మెడ గోక్కుంటున్నారు. నాకూ ఇలాగే మొదలైంది. దద్దుర్లు, తర్వాత ఊపిరాడలేదు. నేను చెప్పలేదు. మొదటి వారంనుంచే మాత్రలు పారేస్తున్నాను. మేడం, అంబులెన్సు పంపించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

అటువైపు ఆమె కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు వినబడింది.

"అమ్మని అక్కడే కూర్చోబెట్టండి. అడుగు కూడా వేయనివ్వొద్దు. వస్తున్నాను."

అంబులెన్సు వచ్చేలోపల అతను ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఊపిరి తీస్తోందో లేదో రెప్పవాల్చకుండా చూశాడు. ఆవిడకి మొదట కోపం, తర్వాత జాలి, ఆఖరికి నవ్వూ వచ్చాయి. వచ్చినవాళ్ళు నాడి చూశారు, గొంతులో లైటు వేసి చూశారు, కాసేపు పక్కనే ఉండి కనిపెట్టారు. ఏమీ లేదు.

"మెడ ఎందుకు గోక్కున్నారమ్మా?"

"ఈ గిల్టు గొలుసు నాకు పడదు. చెబుదామంటే ఈ అబ్బాయి నన్ను నోరెత్తనిస్తేగా!"

కూతురు తల్లిని గట్టిగా పట్టుకుంది. తర్వాత లేచి అతని వైపు తిరిగింది. మొహంలో రక్తం చుక్క లేదు.

"నెలనెలా అడిగాను. నెలనెలా ఏం లేదన్నావు. నీ మాట నమ్మి మా అమ్మకి నా చేత్తో ఇచ్చాను."

"చెబితే రావద్దంటారని... రాకపోతే మిమ్మల్ని చూడలేనని..."

"మరి ఆ గోళ్ళు?"

"కొరుక్కోవడం మానేశాను," అన్నాడు తలొంచుకుని. "పనిలో గ్లౌజులు వేసుకున్నాను. మీరు చెయ్యి పట్టుకుంటారు కదా అని."

తల్లికి నవ్వొచ్చింది గానీ, కూతురి మొహం చూసి మింగేసింది.

"మా నాన్నా అంతే," అంది ఆమె. "ఛాతీలో నొప్పా నాన్నా అంటే, ఏం లేదు తల్లీ, గ్యాస్ అనేవాడు. గ్యాస్ అంటూనే పోయాడు. నిజం చెప్పని మనిషి పక్కన బతకాలంటే నాకు భయం. ఇంక నాకు కనబడకు."

అతను టమాటాలన్నీ ఏరి సంచిలో వేశాడు. లిఫ్టు బాగుచేసి, ఆవిణ్ణి ఇంటి గుమ్మందాకా దిగబెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ రోజే ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పి, తనూ తిట్లు తింది. పరీక్షలో ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేశారు. గుచ్చిగుచ్చి అడిగితే ఇంకో ఇద్దరు, నడకకి వెళ్ళినప్పుడు కాస్త దురద వచ్చిందనీ, అదీ ఒక ఇబ్బందేనా అని ఊరుకున్నామనీ అన్నారు. అమ్మకాలు మొదలుపెట్టకుండా ఆపారు. కంపెనీ పెద్దలు మాత్రం, "లిఫ్టు మోటారు గదిలో దుమ్ముండదా? దానివల్లేమో! రుజువేదీ?" అన్నారు.

రుజువు కావాలంటే ఆసుపత్రిలో, డాక్టరు ఎదుట, మాత్ర మింగి పరిగెత్తాలి. ఒకరోజు పిండి మాత్ర, ఒకరోజు అసలుది, ఏది ఎప్పుడో చెప్పరు. ఇష్టం లేకపోతే వద్దన్నాడు డాక్టరు. అతనికి ఆ మోటారు గది గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అయినా సరేనన్నాడు.

మొదటిరోజు ఏమీ కాలేదు. అంటే రెండోరోజు ఖాయం. మాత్ర మింగి, ట్రెడ్‌మిల్ ఎక్కి పిడి గట్టిగా పట్టుకున్నాడు. పక్కన ట్రేలో ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. అదొక్కటే ధైర్యం. అప్పుడు తలుపు తెరుచుకుంది. కొలతల మేడం, వెనకే వాళ్ళమ్మ.

"కంపెనీ పంపిందా?" అన్నాడు.

"సెలవు పెట్టి వచ్చాను. ఏదనిపిస్తే అది వెంటనే చెప్పు. దాచావంటే నేనే చంపుతాను."

"భయంగా ఉంది," అన్నాడు. "ఇప్పుడే, ఇంకా మొదలెట్టకముందే."

పరిగెత్తాడు. "చేతులు దురద." ఇంకాసేపటికి, "పెదవులు మందంగా ఉన్నాయి." ఆ తర్వాత, "గొంతు..." మెషిన్ ఆగింది. సూది తొడలో దిగింది. ఆక్సిజన్ పెట్టారు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, దద్దుర్లు మోచేతిదాకా పాకడం చూస్తూ, నిశ్శబ్దంగా ఏడ్చింది. ఈల చప్పుడు మెల్లగా తగ్గింది.

"రుజువైంది," అన్నాడు డాక్టరు. "కొందరికి గోధుమ ఊరికే పడుతుంది, తిని ఒళ్ళు శ్రమ పెడితే పడదు. వీళ్ళ సారంలో అది చిక్కగా ఉన్నట్టుంది. మీరు చెప్పకపోతే ఇది బజారుకెళ్ళిపోయేది. ఇక సాయంత్రందాకా కదలొద్దు."

డాక్టరు బయటికెళ్ళాక అతను మాస్కు కొంచెం పక్కకి లాగాడు. "పరీక్షలోంచి నన్ను తీసేశారా?"

"ఎప్పుడో తీసేశాం."

"దానికే భయపడ్డాను మేడం. అందుకే దాచాను."

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"పరీక్షలో ఉన్నన్నాళ్ళూ బయట నీతో మాట్లాడకూడదు. ఇదెప్పుడైపోతుందా అని నేనూ నెలలు లెక్కపెట్టాను, పిచ్చివాడా! దురద వచ్చిందని మొదటి వారమే చెప్పుంటే ఆ పూటే నిన్ను తీసేసేవాళ్ళం. ఆ సాయంత్రమే నీతో టీ తాగేదాన్ని."

ఇన్ని నెలల వణుకు, ఇన్ని అబద్ధాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరగడంతో అతను గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఆ మొహాన్ని మళ్ళీ తనవైపు తిప్పుకుంది.

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న తల్లి కళ్ళు తుడుచుకుంది.

"మీ నాన్నకి దేనికీ భయం లేదే," అంది కూతురితో. "ఈ అబ్బాయికి అన్నీ భయాలే, ఇప్పుడు వాటిని పైకి చెబుతున్నాడు కూడా. నువ్వు ఇతన్నే చేసుకో."